గైడుకి అరవై మార్కులు, సందేహానికి సున్నా

అటానమస్ కాలేజీల ఎం.ఏ. ఇంగ్లీషు ప్రశ్నపత్రం ఈమధ్య ఎప్పుడైనా చూశారా? ప్రతి ప్రశ్న పక్కనా రెండు గళ్లుంటాయి. ఒకదాంట్లో సి.ఓ.3 అనో సి.ఓ.4 అనో రాసుంటుంది. కోర్సు అవుట్‌కమ్ అన్నమాట. రెండో గడిలో ఎల్4 అని ఉంటుంది. బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికా విద్యావేత్త, ఆయన బృందం 1956లో మనిషి ఆలోచనను ఆరు మెట్లుగా విడదీశారు. 2001లో వేరేవాళ్లు ఆ మెట్లకు పేర్లు మార్చారు. నాలుగో మెట్టు విశ్లేషణ. ఇక ఆ గళ్లకు ఎడమపక్కనున్న ప్రశ్న చదవండి: హామ్లెట్ పగ తీర్చుకోవడంలో జాప్యానికి కారణాలు విశ్లేషింపుము. తాతల నాటి ప్రశ్న. జవాబు బస్టాండు పక్క బుక్‌స్టాల్లో దొరుకుతుంది. ఆలోచన ఎక్కువై చెయ్యి ఆడలేదని కోల్‌రిడ్జ్ అన్నాడు, విషాదం కమ్మేసిందని బ్రాడ్లీ అన్నాడు, తల్లి మీది మమకారమని ఫ్రాయిడ్ వర్గం అంది. ముగ్గురి పేర్లూ స్కెచ్‌పెన్‌తో అండర్‌లైన్ చేస్తే ఫస్ట్ క్లాసు. అదంతా బట్టీయే. పక్కన ఎల్4 అని అచ్చేసేసరికి విశ్లేషణ అయిపోయింది. కాలేజీల నాణ్యత తనిఖీ చేసే నాక్ బృందం వచ్చి ఆ గళ్లు చూసి తృప్తిగా తలూపి వెళ్తుంది.

2020 జాతీయ విద్యావిధానం పత్రం తిరగేయండి, క్రిటికల్ థింకింగ్ అన్న మాట పదేపదే తగులుతుంది. యూజీసీ చెప్పే గ్రాడ్యుయేట్ లక్షణాల జాబితాలో అది ఉంది. ప్రతి సిలబస్ మొదటి పేజీలోనూ ఉంది. లేనిదల్లా క్లాసులోనే. దానికి మనవాళ్లు కనిపెట్టిన మందు ఇంకో పేపరు. రెండు క్రెడిట్ల స్కిల్ కోర్సు. క్రిటికల్ థింకింగ్ నిర్వచనం రాయుము, దాని అయిదు లక్షణాలు పేర్కొనుము. దానికీ గైడొచ్చేసింది. నవ్వాలో తల బాదుకోవాలో తెలీదు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మన పిల్లలకు విమర్శగా ఆలోచించడం రాదు, మనం నేర్పాలి అనుకోవడం పచ్చి అబద్ధం. ఆ బుద్ధి వాళ్లు ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకుంటారు. రెండేళ్లలో దాన్ని ఊడగొట్టి పంపేవి మన ఇంగ్లీషు శాఖలు.

నమ్మకపోతే సాయంత్రం హాస్టల్ ఎదుటి టీకొట్టు దగ్గర నిలబడండి. కొత్త సినిమా మొదటి ఆట చూసొచ్చిన నలుగురు వాదించుకుంటుంటారు. హీరో కూలోడని చూపిస్తూనే వాడి ఇంటిపేరు ఎందుకలా పెట్టాడు? ఊళ్లో ఇన్ని ఇళ్లుంటే ఆ వాడ ఒక్క షాట్‌లో కూడా ఎందుకు లేదు? సెకండాఫ్‌లో ఆ అమ్మాయి ఏమైపోయింది? ఒకడు ఒక మాటంటే రెండోవాడు సీను చెప్పి మరీ కొట్టేస్తాడు. పాఠంలోంచి ఆధారం చూపి వాదించడమంటే అదే కదా! అదే పిల్లవాడు మర్నాడు పదింటికి క్లాసులో నోట్సు రాసుకుంటూ నోరు మెదపడు. పదహారు గంటల్లో వాడి మెదడు ఎక్కడికీ పోలేదు. ఇక్కడ దాంతో పనిలేదని వాడికి తెలిసిపోయింది.

ఎలా తెలిసిందంటే స్పాట్ వాల్యుయేషన్ హాల్లోకి రండి. ఒకసారి నా ముందుకొచ్చిన కట్టలో పేపరు తర్వాత పేపరులో హామ్లెట్ ప్రాణమిత్రుడి పేరు హొరేస్ అని ఉంది. హొరేషియో ఏమయ్యాడు? ఎవరో గైడు అచ్చేసినవాడు తప్పు వేశాడు. దాంతో క్రీస్తుకు పూర్వపు రోమన్ కవి డెన్మార్క్ రాజకుమారుడికి స్నేహితుడై కూర్చున్నాడు. ఒక్క పేపరులో మాత్రం హొరేషియో అని సరిగ్గా ఉంది. ఆ అమ్మాయి నాటకం చదివింది. కోల్‌రిడ్జూ లేడు, బ్రాడ్లీ లేడు. దయ్యం చెప్పిన మాట నిజమో కాదో రూఢి చేసుకోకుండా మనిషిని చంపడం తప్పు కదా, జాప్యం అని మనమెందుకు అంటున్నాం అని రాసింది, వచ్చిన ఇంగ్లీషులో, వ్యాకరణం కుంటుతూ. నాటకంలో నాటకం ఆడించింది అందుకేనని సీను కూడా చూపించింది. ప్రశ్న మెడమీదే చెయ్యేసింది పిల్ల. ఆ పేపరు ముందు చూసినాయన పదిహేనుకి నాలుగు వేశాడు. ఎందుకండీ అంటే, క్రిటిక్స్ లేరు, గ్రామర్ లేదు అన్నాడు. హొరేస్‌లందరికీ తొమ్మిదేసి, పదేసి.

ఎల్4 ఉన్న ఒకే ఒక్క జవాబుకి నాలుగు మార్కులు! ఇంకో పిల్ల నాటకం చదువుతుందా చెప్పండి? జవాబుపత్రం వెనక్కి ఇవ్వరు కాబట్టి, తనకి అంత తక్కువ ఎందుకొచ్చిందో ఆ అమ్మాయికి ఎప్పటికీ తెలీదు. తన బుర్రలోనే లోపం ఉందనుకుంటుంది. వచ్చే సెమిస్టర్‌కి గైడు కొనుక్కుంటుంది. మార్కులు పెరుగుతాయి. దాన్ని మనం స్లో లెర్నర్ ప్రగతి అని ఫైల్లో రాస్తాం.

పుస్తకం చదివితే ఏమవుతుందో చూపిస్తాను. డేనియల్ డిఫో రాబిన్సన్ క్రూసో 1719లో వచ్చింది. గైడు ప్రకారం అందులో ఉన్నవి తొలి ఇంగ్లీషు నవల, వాస్తవికత, వ్యక్తివాదం, శ్రమ ఘనత. కానీ ద్వీపం చేరకముందే ఆ నవల్లో ఏం జరుగుతుంది? క్రూసో సలీ రేవులో బానిసగా పడి ఉంటాడు. జూరీ అనే కుర్రాడితో కలిసి పడవలో తప్పించుకుంటాడు. ఇద్దరూ కలిసే ఆకలికీ, సింహాలకీ, సముద్రానికీ ఎదురీదుతారు. ఒక పోర్చుగీసు ఓడ కాపాడితే, ఆ కెప్టెన్‌కి క్రూసో జూరీని అమ్మేస్తాడు. అరవై వెండి నాణేలకి. క్రైస్తవుడైతే పదేళ్లలో వదిలేస్తానని కెప్టెన్ మాటిస్తాడు. తర్వాత బ్రెజిల్‌లో తోట వేసుకున్నాక జూరీని పోగొట్టుకున్నందుకు క్రూసో విచారిస్తాడు కూడా. ఎందుకంటే తోటలో చాకిరీకి మనిషి చాలలేదు. చివరికి క్రూసో ఓడ మునిగి ద్వీపం చేరిన ప్రయాణం దేనికనుకున్నారు? గినీ తీరం నుంచి నల్లవాళ్లను బానిసలుగా తేవడానికి. నిన్నటిదాకా బానిస, ఇవాళ బానిసల బేరగాడు! ఈ పేజీలు చదివినవాడు శ్రమ ఘనత అని రాయగలడా? ఎవరి శ్రమ అని అడగడూ?

అడిగాడు ఒకబ్బాయి. వనపర్తి వైపు నుంచి వచ్చినవాడు. జూరీ ఘట్టం క్లాసులో గట్టిగా చదివించి, ఏమనిపించిందని అడిగితే చాలాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత వాడన్నాడు: “మా తాత గూడ ఇట్లనే జీతమున్నడు సార్. పదేండ్లు గాదు, బాకీ తీరెదాక. మరి ఈ జూరీ ఒప్పుకున్నడని రాసిండు గద సార్, ఒప్పుకోకుంటే ఏంజేస్తుండె?” మాట ముగిసేసరికి క్లాసు లేచి కూర్చుంది. ఒప్పుకోవడం అనే మాటకి ఆ పరిస్థితిలో అర్థముందా, కథ చెబుతున్నది క్రూసో కాబట్టి జూరీ ఒప్పుకున్నాడన్నది ఎవరి మాట అని గంటసేపు కొట్టుకున్నారు. కథకుణ్ని నమ్మొచ్చా లేదా అన్నది సాహిత్య సిద్ధాంతంలో పెద్ద అధ్యాయం. వాడికి ఆ అధ్యాయం పేరు తెలీదు. తాత తెలుసు.

వాడు తెలుగులో అడిగాడు. చాలా క్లాసుల్లో ఆ మాట గొంతు దాటదు.

ఇంకో చోట, అతిథిగా వెనక బెంచీలో కూర్చున్నాను. ఇబ్సెన్ ఎ డాల్స్ హౌస్ చెబుతున్నారు. 1879 నాటి నాటకం. నోరా తలుపు వేసి వెళ్లిపోయింది, ఆ తలుపు చప్పుడు యూరపంతా వినిపించింది, రాసుకోండి. శ్రీకాకుళం పిల్ల ఒకతె లేచింది. “పిల్లల్నొగ్గేసి ఎక్కడికెళ్తాది మేడమ్? కన్నోరింటికెళ్తే రానిస్తారా? చేతిలో డబ్బులేవి?” మేడమ్ నవ్వుతూనే అన్నారు, ఆస్క్ ఇన్ ఇంగ్లీష్. ఆ అమ్మాయి రెండు ముక్కలు కూడబలుక్కుని, ఆగిపోయి, కూర్చుంది. ఫెమినిజం నిర్వచనం డిక్టేషన్ మొదలైంది.

ఆ పిల్ల అడిగినదాని విలువ ఆ గదిలో ఎవరికైనా తెలిసిందా? జర్మనీలో ఆ నాటకం వేసేటప్పుడు నోరా పాత్రధారిణి హెడ్విగ్ నీమన్ రాబె, పిల్లల్ని వదిలి వెళ్లే ముగింపు నేను ఆడను పొమ్మంది. ఇబ్సెన్ పళ్లు కొరుక్కుంటూ, నోరా ఆగిపోయే ఇంకో ముగింపు తన చేత్తోనే రాసిచ్చాడు. తర్వాత దాన్ని తన నాటకం మీద జరిగిన అత్యాచారమని తిట్టుకున్నాడు. ఇక చైనాలో లూ షున్ 1923లో బీజింగ్ మహిళా కళాశాలలో ఒక ప్రసంగమే చేశాడు. దాని విషయం నోరా వెళ్లిపోయాక ఏమైంది? డబ్బు లేకుండా గడప దాటిన ఆడదానికి పతనమో, తిరిగి రావడమో తప్ప దారి లేదు, ముందు ఆర్థిక హక్కు తేల్చండి అన్నాడు. లూ షున్ ప్రశ్నా, మన శ్రీకాకుళం పిల్ల ప్రశ్నా ఒకటే. ఆయన చైనా భాషలో వేశాడు కాబట్టి చరిత్రలోకెక్కాడు. ఈమె ఉత్తరాంధ్ర యాసలో వేసింది కాబట్టి కూర్చోమన్నారు.

పైగా దానికి జవాబు పుస్తకంలోనే ఉంది. రేపు మా సొంతూరికి పోతాను, అక్కడైతే ఏదో పని దొరకడం తేలిక అని నోరా చివర్లో చెబుతుంది. అయితే ఆమె తండ్రి చనిపోయి చాలాకాలమైంది. అంటే కన్నవారిల్లంటూ లేదు. ఆ పేజీ తీసి, చూడమ్మా, నీ అనుమానం ఇబ్సెన్‌కీ ఉంది, సరిపోయిందా లేదా నువ్వే చెప్పు అనడానికి రెండు నిమిషాలు చాలు. అక్కడ్నుంచి చలం మైదానం రాజేశ్వరి దగ్గరికి ఒక్క అడుగు. మొగుణ్ని వదిలి వెళ్లిన ఇద్దరు స్త్రీలలో ఎవరి దగ్గర తిండికి దారి ఉంది అని అడిగితే ఆ క్లాసు రెండు వారాలు నడిచేది.

ఇక్కడే పెద్దలకు కోపం వస్తుంది. ఇంగ్లీషు శాఖలో తెలుగా, ప్రమాణాలు ఏమైపోతాయి అంటారు. అయ్యా, ప్రమాణాలు పోయి చాలాకాలమైంది, హొరేస్ సాక్షి. నేను వ్యాసం తెలుగులో రాసి ఎం.ఏ. ఇంగ్లీషు పట్టా పట్టుకుపొమ్మనడం లేదు. చివరికి రాయాల్సింది ఇంగ్లీషులోనే, బాగానే రాయాలి. కానీ సందేహం పుట్టేది మనిషి ఏ భాషలో కోప్పడతాడో ఆ భాషలో. ముందు దాన్ని పుట్టనివ్వండి. తర్వాత దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చే కష్టంలోనే భాషా వస్తుంది. ఏమీ చెప్పాల్సింది లేని నోటికి ఇంగ్లీషు నేర్పితే గిరీశం దగ్గర వెంకటేశం నేర్చుకున్నదే వస్తుంది. గురజాడ దాన్ని కన్యాశుల్కంలో 1892లోనే విజయనగరంలో స్టేజీ ఎక్కించి మన మొహాన కొట్టాడు. మనం చప్పట్లు కొట్టి ఇంటికెళ్లి గిరీశం పద్ధతినే సిలబస్‌గా పెట్టుకున్నాం.

తెలుగు శాఖ వాళ్లు మురిసిపోనక్కర్లేదు లెండి. ప్రబంధ లక్షణాలు, అష్టదిగ్గజాల పేర్లు అక్కడా అదే బట్టీ. కానీ కేంబ్రిడ్జిలో చదువుకొచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1926లో తొలి వైస్ ఛాన్సలరైన కట్టమంచి రామలింగారెడ్డి, అక్కడ నేర్చిన బుద్ధిని ఇక్కడి ప్రబంధాల మీద ప్రయోగించి కవిత్వ తత్త్వ విచారము రాశాడు. పండితులు భగ్గుమన్నారు. ఆయన ఇంగ్లీషు చదువు ఇంగ్లీషులోనే ఉండిపోలేదు, అదీ విషయం.

అసలు కాలేజీ చదువే లేని ఇంకో ఉదాహరణ చెబుతాను. బెంగుళూరు నాగరత్నమ్మ ఏ యూనివర్సిటీ గడపా తొక్కలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనము 1887 నాటి అచ్చుప్రతి ఆమె చేతికొచ్చింది. పద్యాలు లోపించాయని పట్టుకుంది. రాతప్రతి సంపాదించింది. పోల్చి చూసి, కోసేసిన పద్యాలు తిరిగి చేర్చి 1910లో వావిళ్ల వారి చేత అచ్చు వేయించింది. ఆ కావ్యాన్ని వీరేశలింగం అంతటివాడు అసభ్యమని తిట్టాడు. అదే శృంగారం మగకవులు రాస్తే మీకు అడ్డురాలేదేం అని ఆమె ముందుమాటలో నిలదీసింది. 1911లో ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం మద్రాసు ప్రధాని అయ్యాక గానీ నిషేధం పోలేదు. ప్రతుల్ని పోల్చడం, ఎవరు కోశారు, ఎందుకు కోశారు అని అడగడం, పెద్దవాడి తీర్పు మీద తీర్పు చెప్పడం. ఇంతకన్నా ఏ సిద్ధాంత పుస్తకం ఏం నేర్పుతుంది?

ఎనభై ఏళ్ల తర్వాత హైదరాబాద్ సీఫెల్‌లో ఇంగ్లీషు పాఠం చెబుతున్న సూసీ తారూ, కె. లలితతో కలిసి ఈ కథనే తవ్వి తీశారు. విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా రెండు సంపుటాలు 1991లో, 1993లో వచ్చాయి. దాని ముందుమాట మొదలయ్యేదే ముద్దుపళని, నాగరత్నమ్మలతో. ఇంగ్లీషు శాఖ ఇక్కడి నేల మీద నిలబడి ఏం చేయగలదో చెప్పడానికి ఆ ఒక్క పుస్తకం చాలు. ఆ ఊళ్లోనే ఇప్పటికీ పక్క కాలేజీల్లో ముద్దుపళని పేరు వినని ఎం.ఏ.లు ఏటేటా బయటికొస్తున్నారు.

వాళ్లనంటే ఏం లాభం? పైన నెట్ పరీక్ష కూర్చునుంది. యూజీసీ నెట్‌లో ఒకప్పుడు మూడో పేపరు చేత్తో రాయాల్సి ఉండేది. ఎంత లోపభూయిష్టమైనా, అభ్యర్థి ఒక వాదన నిలబెట్టగలడా అని కనీసం చూసేవారు. 2012 జూన్ నుంచి అదీ బిట్లే అయింది. ఇప్పుడు మూడు గంటలు, నూట యాభై ప్రశ్నలు, మూడు వందల మార్కులు, తప్పుకి కోత లేదు. ఈ నాటకాలను అవి వచ్చిన సంవత్సరాల క్రమంలో అమర్చుము. ఈ పాత్రలను వాటి నవలలతో జతపరచుము. ఒక్క వాక్యం రాయనక్కర్లేకుండా, ఒక్క కవిత చదవనక్కర్లేకుండా, వ్యాసం దిద్దే ఉద్యోగానికి అర్హత వస్తుంది! అలా వచ్చినాయనే హొరేస్‌కి తొమ్మిది వేస్తాడు. తప్పు ఆయనది మాత్రమే ఎలా అవుతుంది? ఆయన్ని ఎన్నుకున్నదే ఆ కొలబద్దతో. డీఎస్సీ, జేఎల్, డీఎల్ కోచింగ్ సెంటర్లు కూడా ఆ బిట్ల మీదే బతుకుతున్నాయి.

చాట్‌జీపీటీ వచ్చి చెడగొట్టిందనేవాళ్లను చూస్తే నాకు జాలి. 2022 చివర్లో వచ్చిన యంత్రం పాపం ఏం చేసింది? అర్ధశతాబ్దంగా గైడు డబ్బుకి చేస్తున్న పని ఉచితంగా చేసింది. యంత్రం రాయగలిగిన జవాబునే అడుగుతున్నామంటే సిగ్గుపడాల్సింది ప్రశ్న వేసినవాళ్లు.

ఏం చేయాలంటారా? కేంబ్రిడ్జిలో ఐ.ఏ. రిచర్డ్స్ వందేళ్ల కిందట చేసిన పని చేయండి. కవుల పేర్లు కొట్టేసి, ఉత్త పద్యాలు విద్యార్థుల చేతికిచ్చి, ఏమనుకుంటున్నారో రాయమన్నాడు. మహామహుల కవితల్ని చెత్త అన్నారు, నాసిరకాన్ని ఆకాశానికెత్తారు. ఆయన ఆ రాతల్ని దాచలేదు. 1929లో ప్రాక్టికల్ క్రిటిసిజం పేరుతో అచ్చు వేసి, ఎక్కడెక్కడ ఎందుకు దారితప్పారో ఒక్కొక్కటీ విప్పి చూపించాడు. అంత గొప్ప చోట చదివేవాళ్లు తప్పులు రాస్తే అది శాస్త్రమైంది. మన పిల్లలు తప్పు రాస్తారేమోనని మనమే గైడు చేతికిస్తున్నాం. ఇందులో తమాషా ఏమిటంటే, ప్రాక్టికల్ క్రిటిసిజం కూడా మన సిలబస్‌లో ఉంది. రిచర్డ్స్ చెప్పిన నాలుగు రకాల అర్థాలు రాయుము, ఎనిమిది మార్కులు. ఆయన చేసిన పనిని మాత్రం ఎవరూ చేయరు.

పరీక్ష హాల్లోకి పుస్తకం తీసుకెళ్లనివ్వండి. జూరీ పేజీ అచ్చేసి ఇచ్చి, క్రూసో మాటను ఎంతవరకు నమ్ముతావు, ఎందుకు అని అడగండి. ఏ గైడు రాసిపెడుతుందో చూద్దాం. సెమిస్టర్‌కి పాతిక పాఠ్యాలు పెట్టి ఒక్కటీ చదివించకపోవడం కంటే ఆరు పెట్టి ఆరూ చదివించండి. మిల్టన్ పేరు పోతుందని ఏడ్చేవాళ్లు, ఇప్పుడు వాళ్ల విద్యార్థుల్లో ఎందరు మిల్టన్‌ని పుస్తకంలో చదివారో చేతులెత్తించి చూసుకుని ఏడవాలి. ఇంటర్నల్ వ్యాసాల్ని వెనక్కివ్వండి. మార్జిన్‌లో ఒక్క ప్రశ్న రాసి, దీనికి ఆధారమేది అని అడిగి, మళ్లీ రాయమనండి. గెస్ట్ ఫ్యాకల్టీకి గంటల లెక్కన కూలి కట్టి, ఇన్ని పేపర్లు దిద్దమంటే ఎవరు దిద్దుతారని అడుగుతారు. నిజమే, దిద్దరు. ఖాళీ పోస్టులు నింపమని ప్రభుత్వాన్ని నిలదీయాల్సిన ప్రొఫెసర్లు సి.ఓ. గళ్లు నింపుతూ కూర్చుంటే ఆ పోస్టులు ఎలా నిండుతాయి?

బోర్డ్ ఆఫ్ స్టడీస్ మీటింగులో ఈ మాటలన్నీ అంటే టీ బిస్కెట్లయ్యాక చూద్దామంటారు. వాళ్లు చూసేదాకా పిల్లలు ఆగక్కర్లేదు. పుస్తకం కొనండి, అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద క్రూసో చవగ్గానే దొరుకుతుంది. చదివి, ఎక్కడ మనసు ఒప్పుకోలేదో అక్కడ పెన్సిల్‌తో గీత గీయండి. ఆ పేజీ పట్టుకుని క్లాసులో లేచి, మీ యాసలోనే అడగండి. ఇంగ్లీషులో అడగమంటే ఆ పేజీ తెరిచి సార్ ముందు పెట్టి, జవాబు ఇంగ్లీషులోనే చెప్పండి సార్, మాకు అర్థమవుతుంది అనండి. పుస్తకం ఎవరు చదవలేదో అప్పుడు తేలిపోతుంది.